కషాయం సీసాలో బూజు

ఏమండీ, మీ కషాయం సీసాలో ఉన్నది కషాయం కాదు, నా ఫిల్టర్‌లోని కాఫీ డికాక్షన్, పైన తెల్లగా బూజు తేలుతోంది! ఛీ! సీసా కూడా కడగకుండా మీద మీద పోసినట్టుంది. సాక్ష్యంగా గట్టు మీదే ఉంచాను, ముట్టుకోకండి.

పెసరకట్టు వేడి చేసుకుని అన్నంలో కలుపుకోండి. జీలకర్ర మజ్జిగ పక్కనే ఉంది. తినగానే పడుకోకుండా కాసేపు మేడ మీద నడవండి.

నేను మైలాపూరు వైద్యుడి దగ్గరికి వెళ్తున్నాను. మీ పుల్లతేన్పులు తగ్గలేదని, ఇచ్చిన కషాయమే మంచిది కాదని మొన్న ఆయన్ని అందరి ముందూ దులిపేశాను. అందుకే రేపు మీకు ఎనిమా ఇస్తానన్నారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని నిజం చెప్పను? మీరు మంటతో మెలికలు తిరుగుతుంటే వీపు నిమిరింది నేను!

ఇంట్లో ఉండేది మనమిద్దరమే. పోసింది నేను కాదు. ఎవరో కింద మీ చేత్తోనే రాయండి.

హైమవతి

హైమా, నేనే పోసినా. కాఫీ మానలేక కషాయం తొట్లో పారబోసి, రోజూ డికాక్షన్నే మొహం చిట్లించి తాగినా. ఈ పూట నుంచి కషాయమే తాగతా, ఎనిమా మాత్రం వద్దే. ఇంకొకటి. నీ చీటీ చూడకముందే ఆ సీసాలోది మొత్తం తాగేసినా.