కొద్దిపాటి జ్వరం

మిస్సోరి,
ఫిబ్రవరి 1862

ఈబెన్ అన్నయ్యకు,

నాన్న ఉన్న సైనిక శిబిరం నుంచి నిన్న ఉత్తరం వచ్చింది. "పాస్టరుగారికి కొద్దిపాటి జ్వరం, కంగారు పడకండి" అని ఎవరో రాశారు.

"మంచు పగలగొట్టి ఏట్లో బాప్తిస్మాలిచ్చిన మనిషికి జ్వరమొక లెక్కటే?" అని నవ్వేసి, అమ్మ ఆయనకు ఉన్ని మేజోళ్ళు అల్లుతోంది.

కాన్వెంటులో దస్తూరి కుదిరిందని, నేను శిబిరానికి వెళ్ళినప్పుడు చనిపోయిన సైనికుల ఇళ్ళకు నాన్న నాచేత ఉత్తరాలు రాయించేవారు. ఇంటికి రెండేసి. మొదటిదాంట్లో కొద్దిపాటి జ్వరమనే రాయించేవారు. అబద్ధం కదా అంటే, "వారం రోజుల్లో ఇంట్లోవాళ్ళకు తట్టుకునే బలం వస్తుంది తల్లీ" అన్నారు.

అమ్మకు ఈ సంగతి తెలియదు. నాకు నోరు రావడం లేదు. రెండో ఉత్తరం రాకముందే నువ్వు ఇంటికి రా.

నీ చెల్లెలు