ఇద్దరూ చేరితేనే లెక్క

ప్రియమైన ఇస్త్రీ వదినకి,

నీ పిడుగు రాస్తున్న ఉత్తరం. ముందు చేతిలో ఇస్త్రీపెట్టె పక్కన పెట్టు. లేకపోతే ఇది చదివి ఎవరి చొక్కానో తగలబెడతావు.

మనిద్దరి పేర్లూ పందేనికి ఇచ్చేశాను. మీ ఊళ్ళోనే, ఆటల మైదానంలో, ఈ ఎండాకాలం చివరి ఆదివారం పొద్దున. ఇది ఉత్త పరుగు పందెమూ కాదు, ఉత్త సైకిల్ పందెమూ కాదు. జోడీకి ఒకటే సైకిలు. ఒకళ్ళు తొక్కుకుంటూ ముందుకెళ్ళి, సైకిల్ని దారి పక్కన ఆనించి, అక్కణ్ణించి పరుగు అందుకోవాలి. వెనక పరిగెత్తుకొస్తున్న రెండో మనిషి ఆ సైకిలెక్కి, మొదటి మనిషిని దాటిపోయి, ఇంకొంత దూరంలో దాన్ని వదిలి మళ్ళీ పరిగెత్తాలి. చివరిదాకా ఇలా మార్చుకుంటూనే పోవాలి. ఒకళ్ళు ముందు చేరి లాభం లేదు. ఇద్దరూ గీత దాటితేనే లెక్క.

నీకు సైకిలొచ్చు, పరుగు రాదు. నాకు పరుగొచ్చు, సైకిలెక్కానంటే గోడలే నా మీదికొస్తాయి. కాబట్టి ఎండలు తగ్గేలోపు నువ్వు పరుగు నేర్చుకో, నేను పడటం మానేస్తాను.

ఇంకో సంగతి. మొన్న పొద్దున మా బాటిల్ ఫ్యాక్టరీ వెనక రోడ్డులో పరిగెత్తుతుంటే ఒక వెధవ స్కూటర్ మీద పక్కనే వచ్చి నా నడుం మీద చెయ్యేశాడు. కాలర్ పట్టి ఒక్క లాగు లాగాను. స్కూటర్ ఒకవైపు, వాడొకవైపు. ముక్కు మీద ఒక్కటిచ్చేసరికి నెత్తురు చొక్కా మీదికి ధారకట్టింది. ఎంత హాయిగా ఉందో తెలుసా! గుద్దేటప్పుడు బొటనవేలు పిడికిలి బయట ఉండాలని నేర్పింది అన్నయ్యే కదా. చిన్నప్పుడు నా జడ లాగినవాడి చెయ్యి విరిచి ఇంటికి పంపించాడు. అమ్మానాన్నా లేని ఇంట్లో నాకు దిక్కూ మొక్కూ ఆ చెయ్యే. మా వంశంలో నోటికంటే చెయ్యి ముందు లేస్తుంది వదినా, ఏం చేస్తాం.

ఇట్లు,
నీ పిడుగు


ప్రియమైన మరదలు పిల్లకి,

నీ నోట్లో గంజి పొయ్య! నన్నొక్క మాటైనా అడక్కుండా పేరిచ్చేస్తావా? ఉత్తరం చదివి లాండ్రీ అంతా వినపడేలా నిన్ను తిట్టాను. మా లాండ్రీ పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. తర్వాత తన కొడుకు పాత సైకిల్ నాకిచ్చి, "తొక్కవే, ఎవరు కాదంటారో చూస్తాను" అంది.

పొద్దున్నే షాపు తెరవకముందు కాసేపు పరిగెత్తుతున్నాను. పరుగంటే పరుగు కాదులే, తడిసిన దుప్పట్ల మూట మెట్లు దిగుతున్నట్టుంటుంది. మొదటిరోజు వీధి చివర నీళ్ళ పంపు దగ్గరే కూలబడ్డాను. ఇప్పుడు ఆ పంపు దాటి మైదానం గోడదాకా పోతున్నాను. ఆ తర్వాత రోజంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం. నీకూ చెబుతున్నాను, పనికొస్తుంది: నెత్తురు మరక మీద వేణ్ణీళ్ళు పొయ్యకు, అంటుకుపోతుంది. చన్నీళ్ళే పొయ్యాలి. నాకు బాగా అలవాటైన పని.

ఉత్తరాలు ఇలాగే లాండ్రీకి రాయి. ఫోను మీ అన్నయ్య దగ్గరే ఉంటుంది. పందెం సంగతి ఆయనకి చెప్పకు, ఆ రోజే తెలియనీ. మొన్న సైకిల్ మీంచి పడి బుగ్గ వాచింది, వీపు కూడా కమిలింది. తగ్గిపోతుందిలే.

ఇట్లు,
నీ వదిన


ప్రియమైన వదినకి,

నేనిప్పుడు సైకిల్ తొక్కుతున్నాను! ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఆడవాళ్ళందరూ గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి పొంగిపోయి వెళ్ళి మురుక్కాలవలో పడ్డాను. ఇప్పుడు పొద్దున పరుగు, సాయంత్రం సైకిలు. ఒళ్ళు హూనమైపోతోంది గానీ బాగుంది.

వదినా, ఒకటడుగుతాను. నేను ఇన్నిసార్లు పడ్డానా, ప్రతిసారీ చెక్కుకుపోయేది అరిచేతులూ మోకాళ్ళే. పడేటప్పుడు ఎవరైనా చేతులు ముందు పెడతారు. నీకేమో బుగ్గ వాస్తుంది, వీపు కములుతుంది. చిన్నప్పట్నుంచీ సైకిలెక్కినదానివి, వీపు మీద ఎలా పడ్డావు తల్లీ? నాకేం తెలియదనుకోకు. నువ్వు పరిగెత్తే రోడ్డు మీద ఎవడో నిన్ను కొడుతున్నాడు. నాకు తగిలిన వెధవలాంటివాడే ఇంకొకడు. ఇంట్లో తెలిస్తే సైకిల్ మానిపిస్తారని నువ్వు నోరు నొక్కుకుంటున్నావు.

అందుకే నువ్వు వద్దన్నా నేను అన్నయ్యకి రాసేశాను. పందెం సంగతీ, నువ్వు రోజూ ఏ దారిన పోతావో, సైకిల్ ఎక్కడ పెడతావో, అంతా. "వదినని ఎవడో కొడుతున్నాడు, నువ్వు వెంట వెళ్ళి వాడి ఎముకలు ఏరుకునేలా చెయ్యి" అని రాశాను. ఇక నువ్వు నిశ్చింతగా పరిగెత్తు. కార్ల సొట్టలు తీసే చెయ్యి అది. ఒక్కటి పడితే ఎవడైనా సరే మళ్ళీ లేవడు.

ఇట్లు,
నీ పిడుగు


మరదలికి,

ఎడమచేత్తో రాస్తున్నాను. వంకరగా ఉంటుంది, చదువుకో.

ఎముకలు విరగ్గొట్టమని రాశావుగా. విరగ్గొట్టాడు. కుడి మణికట్టు.

నీ ఉత్తరం అందిన రోజే లాండ్రీకి వచ్చాడు. కార్ల షెడ్డులోంచి సుత్తి తెచ్చుకున్నాడు. ముందు సైకిల్ని కొట్టాడు. చువ్వలు ఒక్కొక్కటే తెగాయి. పెద్దమ్మ అడ్డమొస్తే ఉతికే గచ్చు మీదికి తోసేశాడు. తర్వాత నన్ను ఇంటికి ఈడ్చుకుపోయి తలుపు వేశాడు. "ఎవడి కోసం పరిగెత్తుతున్నావే?" అని ఒక దెబ్బ. మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ దెబ్బ. తల కాచుకుందామని చెయ్యి అడ్డం పెట్టాను. సుత్తి దాని మీద పడింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

రోడ్డు మీద నన్నెవరూ ఏమీ అనలేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ నన్ను కొట్టింది ఒక్కడే. నువ్వు ఎవర్ని నాకు కాపలా పెట్టావో ఇప్పుడు తెలిసిందా?

పనికి పోతూ బయట తాళం వేసుకుపోతున్నాడు. నా చెప్పులు కూడా పట్టుకుపోయాడు. కట్టు కట్టింది, ఈ కాగితం ఇచ్చింది పెద్దమ్మే, కిటికీలోంచి. పోలీసుల దగ్గరికి పోతానంటే నేనే వద్దన్నాను. వాళ్ళు పిలిచి, తిట్టి, వదిలేస్తారు. ఆ రాత్రికి నేను మిగలను.

ఇక పందెం మాటెత్తకు.

వదిన


నా వదినకి,

నీ ఉత్తరం చదివి ఫ్యాక్టరీలో సీసాల పెట్టె ఎత్తి గోడకి కొట్టాను. గాజు పెంకులు నా కాళ్ళ చుట్టూ పడ్డాయి. సూపర్‌వైజర్ అరుస్తూ వచ్చి నా మొహం చూసి వెనక్కి పోయాడు. క్షమించమని అడగను వదినా, ఏ మొహం పెట్టుకుని అడగను? నన్ను భుజానెక్కించుకుని తిప్పిన మనిషి. నా జ్వరానికి తెల్లవార్లూ కూర్చున్న మనిషి. వాడి మీద నాకున్న ప్రేమని ఏ గోతిలో పాతిపెట్టాలో తెలియడం లేదు.

ఏడుపు తర్వాత. ఇప్పుడు చెప్పేది విను. పందెం ఆదివారం పొద్దున వాడికి సెలవు, ఇంట్లోనే ఉంటాడు, అంటే తాళం ఉండదు. నేను ఇక్కడి సైకిల్ బస్సు మీద వేసుకొస్తాను. వీధి చివర నీళ్ళ పంపుకి ఆనించి పెట్టి, అక్కణ్ణించి మీ ఇంటికి పరిగెత్తుకొస్తాను. హ్యాండిల్‌కి నా పాత బూట్లు కట్టి ఉంచుతాను, నీకు సరిపోతాయి. వీధి తలుపు కొడతాను. నేనని తెలిస్తే వాడే వచ్చి తీస్తాడు. వాడి వీపు నీ వైపు ఉంటుంది. నువ్వు పెరటి తలుపు తీసుకుని పంపుదాకా పరిగెత్తు. నేర్చుకున్నావుగా! సైకిలెక్కి నేరుగా మైదానానికి పో. అక్కడ జనం ఉంటారు, పోలీసులుంటారు, అందరి ముందూ నిన్ను ఈడ్చుకుపోలేడు. నేను వాణ్ణి కాసేపు మాటల్లో పెట్టి వచ్చి కలుస్తాను.

చెయ్యి ఎత్తను, ఒట్టు. నోటితోనే. వెనక్కి మాత్రం చూడకు.

నీ పిడుగు


ప్రియమైన పిడుగుకి,

నీ వాంగ్మూలం తీసుకునేదాకా నిన్ను కలవొద్దన్నారు పోలీసులు. అందుకే ఈ ఉత్తరం ఉతికిన ఆసుపత్రి దుప్పట్ల మధ్య పెట్టి పెద్దమ్మ చేత పంపిస్తున్నాను. నీ దవడకి తీగ వేశారట, ఏమీ గుర్తులేదన్నావట. అక్కడి నర్సు పెద్దమ్మకి చెప్పింది. గుర్తులేదంటే నేనే చెప్పాలిగా.

నువ్వు తలుపు కొట్టావు. వాడు లేచి, "ఓసి పిడుగూ, ఇంత పొద్దున్నే!" అని నవ్వుతూ వెళ్ళాడు. నేను పెరట్లోంచి దూకాను. ఒట్టి కాళ్ళతో పంపుదాకా ఒక్క పరుగు. బూట్లు హ్యాండిల్‌కి అలాగే వేలాడుతున్నాయి. ముడి విప్పడానికి ఒక్క చేత్తో ఎక్కడ కుదురుతుంది? అలాగే ఎక్కి తొక్కాను. వెనక ఏదో పగిలిన చప్పుడు వినిపించింది. నోటితోనే అన్నావు కదే, నీళ్ళ కూజా ఎందుకు విసిరావు?

మైదానం చేరాను. ఈల పట్టుకున్న పెద్దాయన నా కట్టూ, నా కాళ్ళూ చూసి, "మీ జోడీ ఏదమ్మా? ఇద్దరూ లేందే లెక్క కాదు" అన్నాడు. ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. అక్కడ అంత జనం ఉన్నారు, నేను బతికిపోయాను. మరి నువ్వు? "మా ఇంట్లో మనిషిని చంపుతున్నారు, పోలీసుల్ని పంపండి" అని అరిచి సైకిల్ తిప్పేశాను. నా జన్మలో అంత వేగంగా తొక్కలేదు.

వీధి తలుపు బార్లా తీసే ఉంది. నువ్వు వాకిట్లో బోర్లా పడున్నావు, నోట్లోంచి నెత్తురు. వాడి మోకాలు నీ వీపు మీద ఉంది. "నా చేతిలో పెరిగి నా పెళ్ళాన్ని లేపుకుపోతావా" అంటున్నాడు. సుత్తి పైకి లేచింది. నేను బ్రేకు పట్టలేదు. ముందు చక్రం వాడి డొక్కలో దిగింది. ముగ్గురం, సైకిలూ, అన్నీ ఒక కుప్పగా పడ్డాం. సుత్తి జారి నా ఎడమచేతి దగ్గరికొచ్చింది.

ఇప్పుడు రాసేది నిన్ను ఏడిపించడానికి కాదు. వాడు పక్కకి పడి మూలుగుతున్నాడు. కుడిచెయ్యి నేల మీద ఆనించి ఉంది. ఆ చేతినే చూశాను. ఇంకేమీ కనిపించలేదు. ఒక్కటే దెబ్బ వేశాను. అదే చప్పుడు, నా మణికట్టు చేసిన చప్పుడే. రెండోది వెయ్యలేదు. వెయ్యాలని ఎంత ఉందో నాకే తెలుసు.

"అకారణంగా వెనకనుంచి వచ్చి కొట్టింది, పడిపోయాక సుత్తితో కొట్టింది, మా చెల్లెల్ని అడగండి" అని వాడు కింది వార్డులోంచి చెబుతున్నాడు. పక్కిళ్ళవాళ్ళు కిటికీలు మూసుకున్నారు, ఎవరూ ఏమీ చూడలేదట. చూసింది నువ్వొక్కదానివే. నీ మాటని బట్టి నన్ను లోపల వెయ్యాలో, వాణ్ణి వెయ్యాలో తేలుస్తారు. పడిపోయినవాణ్ణి కొట్టానన్నది నిజమే. నా కోసం అబద్ధం చెప్పకు. నీకు వాడు అన్న కంటే ఎక్కువ, ఆ సంగతి నాకు తెలుసు. నువ్వు గుర్తులేదన్నా సరే, నిన్ను తప్పు పట్టను.

నీ బట్టలు ఉతికాను. చన్నీళ్ళలోనే. మరక పోయింది.

నీ వదిన


నా వదినకి,

దవడకి తీగలున్నాయి కాబట్టి ఇన్నాళ్ళకి నా నోరు మూతపడింది. పండగ చేసుకో.

గుర్తులేదన్నది అబద్ధం. నాకు అంతా గుర్తుంది. వాడు స్నేహితుడి చేత కబురు పంపాడు. "నా చేతిలో పెరిగినదానివి, అది మర్చిపోకు" అని. అది విని ఒక రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్నాను. గుర్తులేదనేస్తే ఎవరి వైపూ చెప్పక్కర్లేదు కదా అనుకున్నాను. పొద్దున నీ ఉత్తరం దుప్పట్లోంచి జారిపడింది. వెంటనే నర్సు చేత ఇన్‌స్పెక్టరమ్మని పిలిపించి, పెన్సిలడిగి, మొదటి దెబ్బ నుంచి అన్నీ రాసిచ్చాను. కూజా విసిరింది నేనేనని కూడా రాశాను.

సుత్తి దగ్గర ఆవిడ ఆగింది. "పడిపోయాక కొట్టిందా?" అని అడిగింది. అవునని రాశాను. కాగితం లాక్కుని కింద ఇంకో మాట కూడా రాశాను. నువ్వు చూడనిది అదే వదినా. ఆ చెయ్యి ఊరికే నేల మీద లేదు. ఆ పిడికిట్లో నా జడ ఉంది. సుత్తి జారగానే వాడు అదే చేత్తో జడ అందుకుని నా తల గచ్చుకేసి కొడుతున్నాడు. నీ దెబ్బ పడ్డాకే ఆ వేళ్ళు విడిపోయాయి. నమ్మకపోతే వచ్చి చూడు, నా తల వెనక పిడికెడు జుట్టు లేదు. ఇన్‌స్పెక్టరమ్మ వేళ్ళతో తడిమి చూసింది. కేసు వాడి మీద కట్టింది. నువ్వు కొట్టింది నన్ను విడిపించడానికేనని రాసుకుంది.

చిన్నప్పుడు నా జడ లాగినవాడి చెయ్యి విరిచింది ఆ చెయ్యే. ఇప్పుడు దాన్ని విరిచింది నువ్వు. తల్చుకుంటే ఏడుపొస్తోంది, ఎవరి కోసమో తెలియడం లేదు.

రేపు నన్ను పంపించేస్తున్నారు. పరిగెత్తలేను, మెల్లగా నడవగలనంతే. నువ్వు ఆసుపత్రి గేటు దగ్గర సైకిల్ పట్టుకుని ఉండు. కాసేపు నన్ను ఎక్కించి నువ్వు నడువు. తర్వాత నేను నడుస్తాను, నువ్వెక్కు. నేరుగా మైదానానికే పోదాం. నిన్న కురిసిన వానకి సున్నం గీత చెరిగిపోయి ఉంటుంది. ఫర్వాలేదు, అది ఎక్కడుండేదో నీకు తెలుసుగా. ఆ రోజు నువ్వొక్కదానివే చేరావు, అది లెక్కలోకి రాదు.

నీ జోడీ,
పిడుగు