నాయన తెచ్చిన తోలుసంచి

తిరుత్తణి,
14-7-1979

పూజ్యుడైన దండపాణి అన్నకు, నీ చెల్లెలు ఇంద్రాణి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అమ్మ, నేను, మగ్గం ముగ్గురమూ క్షేమం. తిరువళ్ళూరులో వదిన, పిల్లలు, నీ కోపం కూడా క్షేమమని తలుస్తాను.

తోలు పరీక్ష చేయించమని నువ్వు చెప్పిన పని అయింది. నాయన సయాం నుంచి తెచ్చిన పొగాకు సంచిని మద్రాసు తీసుకెళ్ళాను. యుద్ధంలో నాయనను పెనాంగు నుంచి పట్టుకుపోయి మట్టి మోయించిన రైలుకట్ట దగ్గర చచ్చిన కూలీ తోలుతో జపాన్ సిపాయి కుట్టించుకున్నాడని నాయన చెప్పిన సంచి కదా, ముట్టుకోవడానికి మనసు రాక బస్సులో కాళ్ళ దగ్గరే పెట్టాను. కనకమ్మ సత్రంలో ఎక్కిన ఒకావిడ దానిమీద కూరల బుట్ట పెట్టబోయింది. ప్రాణం ఒప్పక ఒళ్ళోకి తీసుకున్నాను.

పశువైద్య కాలేజీలో పనిచేసే నా స్నేహితురాలు కోకిల అంచున చిన్న ముక్క కోసి మైక్రోస్కోపు కింద చూసింది. వెంట్రుకల కుదుళ్ళు చూస్తే తెలిసిపోతుందట. మేకతోలే, సందేహం లేదంది. అన్నా, నాకెంత సంతోషమేసిందో! ఇన్నేళ్ళూ మన ఇంట్లో ఉన్నది ఏ తల్లి కన్నబిడ్డా కాదు. ఇద్దరం బీచికి వెళ్ళి సుండల్ శనగలు తిన్నాము.

కాబట్టి మీ స్కూలు ఎగ్జిబిషన్‌లో దాన్ని పెట్టకు. కానీ సంచి ఉత్తిదైతే సయాం కథంతా ఉత్తిదేనని, నాయన పెనాంగులో ఏ కాఫీకొట్టులోనో హాయిగా కూర్చుని వచ్చుంటాడని రాశావు చూడు, అది నేను ఒప్పుకోను. ఆయన పోయేముందు ఆ కాళ్ళ మీది పుండ్ల మచ్చలకు నూనె రాసినదాన్ని. అయినా ఈ అబద్ధమెందుకు చెప్పాడో తెలియక మనసు కష్టంగా ఉంది. అమ్మకు మాత్రం చెప్పొద్దు. ఏటా ఆడి అమావాస్యకు సంచి మీద కొత్త పంచె కప్పి, ఆకేసి, పోయినవాళ్ళకు పెట్టే పడయల్ అన్నం పెట్టి కన్నీళ్ళు పెట్టుకునే మనిషి.

వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు,
ఇంద్రాణి

తా.క.: కవరు అంటించబోతుంటే అమ్మ పట్టేసుకుని అంతా రాబట్టింది. విని పగలబడి నవ్వి, మేకదే లేవే, నేనే కుట్టినాను అనింది! సయాంలో నాయన జ్వరంతో పడుంటే ఆయన వంతు మట్టి కూడా మోసినాడంట రత్నస్వామి అని ఒకాయన. కలరాతో పోతే అందరితోపాటు గుంటలో తోసేసినారంట. నా అనేవాళ్ళు లేరు. ఆయనకు మన ఇంట్లో పడయల్ పెడతానని నాయన అడిగితే, వాడు యాడోడో, ఏ కులమో, పీనుగు కూడా లేనోడికి కూడెట్ల పెట్టేది అన్నాడట తాత. అందుకని అమ్మ మేకతోలు తెప్పించి సంచి కుట్టింది. ఇది ఆ రత్నస్వామి తోలే మామా, పీనుగు లేదన్నావే, ఇంట్లోకే వచ్చేసినాడు అని చెప్పి, నాయన చేత తాత ముందర పెట్టించింది. తాత వణికిపోయి, మగ్గం మీది పంచె తానే కోసి కప్పి, తన చేత్తోనే అన్నం పెట్టాడట.

ఇంక సంచి వద్దంటోంది అమ్మ. అమావాస్య దగ్గరకొచ్చింది, నువ్వు రా. తాతకు భయపడి నాయన రత్నస్వామి పేరు నోట్లోనే అనుకునేవాడట. ఈసారి నువ్వు గట్టిగా పిలిచి పెట్టాలట.