దూది లంగా

పెద్ద గుమ్మడికి,

అక్కా, ఉత్తరం చూసి కంగారుపడకు. ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెట్టుకుని పక్కనే కూర్చుంటుంది. నువ్వు "ఊ" అంటావు, మాట్లాడేదంతా ఆవిడే. ఇది నీకొక్కదానికే రాస్తున్నాను. చదివాక చింపెయ్.

ముందు ఒక శుభవార్త. నేను సన్నబడ్డాను. ఒట్టు. ఆఫీసు మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ ఆగి మరీ అంటున్నారు. క్యాంటీన్ ఆవిడ నన్ను పక్కకు లాక్కెళ్ళి, "ఏం తింటున్నావో నా చెవిలో చెప్పవే, ఎవరికీ చెప్పనులే" అంది. ఏమీ తినడం లేదన్నాను. "అబ్బ, ఎంత పట్టుదలో!" అంది. పట్టుదలా పాడా? తినబుద్ధి కావడం లేదక్కా. రెండు ముద్దలు దిగాక మూడోది గొంతులోనే కూర్చుంటోంది. పుట్టి బుద్ధెరిగాక నన్ను చూసి నలుగురూ "బాగున్నావు" అనడం ఇదే మొదటిసారి, అదీ ఒంట్లో బాగాలేనప్పుడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కాని మొహం పెట్టుకుని తిరుగుతున్నాను.

నా ఉద్యోగమేమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. బట్టల కంపెనీ అన్నాను, కుట్టుపని అనుకున్నావు. సిగ్గేసి నేనూ సరిదిద్దలేదు. నేను కుట్టను. నిలబడతాను. మా కంపెనీ లావుపాటి ఆడవాళ్ళ కోసం హవాయి గౌన్లు తయారుచేస్తుంది. హవాయి అంటే మనిద్దరికీ తెలిసినవి చెప్పులే కదా! ఎక్కడో సముద్రం మధ్యన ఆ పేరుతో దీవులున్నాయట, అక్కడి తరహా గౌన్లు. భుజం మీద నుంచి మడమ దాకా వదులుగా జారతాయి. వాటి మీద చేటంతేసి పూలు, కొబ్బరాకులు, చిలకలు, అనాసపళ్ళు. కొత్త గౌను ఏది కుట్టినా ముందు నాకు తొడుగుతారు. నేను పీట ఎక్కి నిలబడితే టైలరు మాస్టారు పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని నా చుట్టూ తిరుగుతారు. "చంక దగ్గర బిగుతుగా పట్టిందా అమ్మాయ్?" "పట్టింది మాస్టారూ." "మెడ?" "మెడ బాగుంది." నేను బాగుందన్నాక ఆ కొలతతోనే వేలకు వేలు కత్తిరిస్తారు. ఆయన బాధల్లా పూల గురించే. పువ్వు ఎక్కడ పడకూడదో సరిగ్గా అక్కడే పడుతుంది. ఒకసారి పెద్ద అనాసపండు పోయి పోయి నా పిరుదు మీద పడింది. మాస్టారు కళ్ళు మూసుకుని, "దాన్ని విప్పెయ్ తల్లీ, నేను చూడలేను" అన్నారు. ఆ గౌను అమ్మకానికి వెళ్ళలేదు, నా దగ్గరే ఉంది.

దారాలు కత్తిరించే పని అడగడానికి వచ్చాను నేను. కంపెనీ నడిపే మేడమ్ నన్ను కిందా మీదా చూసింది. ఆ చూపు మనకు అలవాటేగా, వెళ్ళిపోదామని లేచాను. "ఆగు, నిన్ను కొలవచ్చా?" అంది. టేపు చుట్టి అంకె చూసుకోగానే ఆవిడ మొహం వెలిగిపోయిందక్కా. నా ఒళ్ళు చూసి ఒకరి మొహం వెలగడం! అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. చుట్టాల పెళ్ళిలో ఫొటోవాడు "మీరు వెనక్కెళ్ళండమ్మా, మిగతావాళ్ళు కనపడాలిగా" అన్నాడు. అలా వెనక్కెళ్ళినదానివి మళ్ళీ ముందుకు రాలేదు నువ్వు. గడపే దాటలేదు. మనిద్దరిదీ ఒకే ఒళ్ళు, అవే కొలతలు. బళ్ళో పెద్ద గుమ్మడీ చిన్న గుమ్మడీ అని ఒకే నోటితో ఏడిపించారు. నన్ను మాత్రం ఇక్కడ పీట ఎక్కించి చుట్టూ చేరి చూస్తున్నారు.

ఇక అసలు సంగతి. నెలకోసారి నాకు టేపు పెడతారు. కొలత తగ్గితే ఇంకొకరిని చూసుకుంటారు. ముందే చెప్పారు, తప్పుపట్టడానికి లేదు. అందుకని పాత దిండు చింపి, ఆ దూది పొరలుపొరలుగా పరిచి లంగా ఒకటి కుట్టుకున్నాను. పొట్టకీ నడుముకీ పిరుదులకీ సరిపోయేలా. కొలతలు లంగా మీదే తీస్తారు కాబట్టి గండం గడిచింది.

డాక్టరు దగ్గరికి వెళ్తానులే, ఈ సీజన్ పని అయిపోనీ. అమ్మకు మాత్రం చెప్పకు.

నీ
చిన్న గుమ్మడి


అక్కా,

నీ తిట్లు అందాయి. "దూది చుట్టుకుని చస్తావా, ముందు డాక్టరు, తర్వాతే గౌన్లు" అని రాశావు. వెళ్ళాను. అది చెప్పేముందు ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే అదే నన్ను ఎక్కువ తినేస్తోంది.

గౌన్లు వెనక్కి వస్తున్నాయి. అట్టపెట్టెలు కిటికీలకు అడ్డంగా పేర్చేశారు, గదిలోకి వెలుతురు రావడం లేదు. కొన్నవాళ్ళందరిదీ ఒకటే మాట. నిలబడితే అందంగా ఉందట, కూర్చుంటే పొట్ట దగ్గర పట్టేస్తోందట. ఒకావిడ బస్సులో కూర్చోగానే కుట్టు పర్రుమని విడిపోయిందట. లేచి, చేతిసంచి అడ్డం పెట్టుకుని, ఇల్లు చేరేదాకా నిలబడే వెళ్ళిందట. ఆవిడ రాసి పంపిన చీటీ చదువుతుంటే నువ్వే కళ్ళముందు మెదిలావు.

ఎందుకలా అయిందో నాకు వెంటనే తెలిసిపోయింది. కూర్చుంటే ఒళ్ళు పరుచుకుంటుంది. దూది పరుచుకోదు, ఉన్నచోటే అణిగిపోతుంది. మాస్టారు నన్ను నిలబెట్టి చూశారు, కూర్చోబెట్టీ చూశారు. "పట్టిందా?" అని అడిగితే లేదన్నాను. నిజంగానే పట్టలేదు మరి. లోపల నేను లేనుగా.

మేడమ్ అందరినీ పిలిచి, "పొట్ట దగ్గర తప్పిందెవరు?" అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నడుం మీదికి పోయింది. అసలే పేరులో గుమ్మడి ఉన్నదాన్ని! ఎవరూ గమనించలేదు. అందరూ మాస్టారినే చూస్తున్నారు. "ముసలాయనకు చూపు ఆనడం లేదు" అన్నారెవరో. ఆయన పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసుకుని, "నాదే తప్పమ్మా" అన్నారు. నెలాఖరుకి ఆయన్ని పంపించేస్తారట. అంతా వింటూ నేను నోరు విప్పలేదు.

ఆస్పత్రిలో బరువు చూసిన నర్సు "భలే తగ్గారండీ, ఇలాగే కానివ్వండి" అంది. డాక్టరు కూడా నవ్వుతూనే మొదలుపెట్టాడు. కడుపు నొక్కి చూశాక నవ్వు ఆగిపోయింది. స్కానింగులూ పరీక్షలూ అన్నీ అయ్యాయి. పొట్టలో గడ్డ, కాలేయం దాకా పాకిందట. "మనిషి ఇంతగా తగ్గిపోతుంటే ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదా?" అన్నాడు. అడిగారండీ, ఎలా తగ్గావని అడిగారు, అన్నాను. కోసి తియ్యడానికి లేదట. మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చట. ఎంతకాలమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

భయంగా ఉందక్కా. చావంటే ఉండే భయం ఎలాగూ ఉంది. దానికంటే ఆ లంగా విప్పడమంటే భయం. ఇంట్లో విప్పేసి అద్దంలో చూసుకుంటే, ఎవరో చిక్కిపోయిన మనిషి నా మొహం పెట్టుకుని నిలబడి ఉంటుంది. ఇంత లోకంలో నన్ను కావాలనుకున్న చోటు ఆ పీట ఒక్కటే. విప్పితే అది పోతుంది. విప్పకపోతే మాస్టారి నోటికాడ కూడు పోతుంది. ఏం చెయ్యనో నువ్వే చెప్పు.

నీ
చిన్న గుమ్మడి


అక్కా,

నీ జవాబు దాకా ఆగలేకపోయాను. విప్పేశాను.

మేడమ్, మాస్టారు గదిలో ఉండగా తెర వెనక్కి వెళ్ళి లంగా విప్పి, గౌను ఒక్కటే తొడుక్కుని బయటికొచ్చాను. గౌను చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడింది. లంగాని పీట మీద పెట్టాను. దానంతట అదే కాసేపు నిలబడి, తర్వాత ఒక పక్కకు ఒరిగిపోయింది.

"నట్టేట ముంచావు కదే" అంది మేడమ్. నిజమే. తర్వాత నా మణికట్టు పట్టుకుని, తన వేళ్ళు చుట్టూ తిరిగి కలిసిపోవడం చూసుకుని, "ఏమైంది నీకు?" అని అడిగింది. అక్కా, ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. అప్పుడు ఏడ్చాను.

మాస్టారు లంగాని మడతపెడుతూ, "నాకు తెలుసమ్మాయ్" అన్నారు. "ఎప్పుడైనా సూది గుచ్చుకుంటే 'అబ్బా, కళ్ళు కనపడట్లేదా' అని నన్ను దులిపేసేదానివి. ఈమధ్య నిండా దిగినా పలకవు. అప్పుడే అర్థమైంది."

"మరి అడగలేదేం మాస్టారూ?"

"ఆడపిల్లని, లంగాలో ఏం దాచావని ఎలా అడగను? నీ అంతట నువ్వే చెప్తావని చూశాను. అందుకే తప్పు నాదన్నాను. అబద్ధమేం ఆడలేదు."

మొహమాటానికి పోయి ఉద్యోగం మీదికి తెచ్చుకున్న మహానుభావుడు! ఆయన్ని ఉంచేశారు. గౌన్లన్నీ మళ్ళీ మొదటి నుంచి. దానికి నా పాత కొలతల మనిషి కావాలి. మేడమ్ ప్రకటన ఇస్తానంది. నేను ఆగమన్నాను.

అర్థమైందా? నాకు సేవ చెయ్యడానికి రమ్మనడం లేదు. పీట ఎక్కడానికి రా. నీకు గడప దాటడం ఎంత కష్టమో ఈ లోకంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బస్సులో రెండు సీట్లూ నువ్వే తీసుకో, ఎవడేమంటాడో చూద్దాం. అమ్మని పిన్ని చూసుకుంటుంది. రాకపోయినా కోపం లేదు. వస్తే మాత్రం త్వరగా రా.

నీ
చిన్న గుమ్మడి


చిన్న గుమ్మడీ,

నీ ఆఖరి ఉత్తరానికి జవాబు రాయలేదు, నేనే బయల్దేరాను కాబట్టి. ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు చదవవని తెలుసు. ఇన్నేళ్ళూ నీతో తప్ప ఎవరితోనూ ఇంత మాట్లాడనిదాన్ని, ఇప్పుడు కొత్తగా ఎవరిని వెతుక్కోను?

బస్సులో నా పక్కకు రావాల్సినాయన నన్ను చూసి నిట్టూర్చి నిలబడే ఉన్నాడు. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నేను దిగేసరికే నిన్ను ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ నీ మంచం దాటుకుని ముందుకు వెళ్ళిపోయాను, పోల్చుకోలేక. వెనకాల నుంచి "మీరు వెనక్కి రండమ్మా, నేను కనపడాలిగా" అన్నావు. ఆ గొంతు లేకపోతే నువ్వని నమ్మేదాన్ని కాదు.

కుశలప్రశ్నలు కూడా అడగనివ్వలేదు. తలగడ కింద నుంచి మాస్టారు కొత్తగా కుట్టిన నీలం గౌను తీసి చీర మీదే తొడిగించావు. "నిలబడ్డది చాలు, కూర్చో" అన్నావు. కూర్చున్నాను. "పట్టిందా?" "పట్టింది." "ఎక్కడ?" నీ వేలు పట్టుకుని పొట్ట మీద పెట్టాను. వార్డులో అందరూ చూస్తున్నారు, నాకు చెమటలు పడుతున్నాయి, నువ్వు మాత్రం "హమ్మయ్య, దొరికింది" అని నవ్వావు. అక్కడి నుంచే మాస్టారికి ఫోన్ చేసి పొట్ట దగ్గర ఎంత గుడ్డ వదలాలో చెప్పావు. అదే నీ ఆఖరి పని. ఆ తర్వాత నీకు మాట్లాడే ఓపిక లేదు. నీ చెయ్యి పట్టుకుని కూర్చోవడం తప్ప నేను చెయ్యగలిగిందీ లేదు.

నువ్వు పోయాక నీకు ఏ బట్ట కట్టాలని అడిగారు. అనాసపండు గౌనన్నాను. తొడిగితే అది నీ మీద నిలవలేదే! పొట్ట దగ్గర గుడ్డంతా లోపలికి కుంగిపోయింది. అమ్మా పిన్నీ దారిలో ఉన్నారు. ఒంట్లో బాగాలేదనే తప్ప ఎంత చిక్కిపోయావో అమ్మకు నేను చెప్పలేదు. మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆఫీసు బీరువాలో దాచిన నీ దూది లంగా ఆవిడే స్వయంగా తెచ్చి ఇచ్చింది. దూది సర్ది, నాడా బిగించి, దాని మీద గౌను తొడిగాను. సరిపోయావు. అనాసపండు నీ కిందికి పోయింది, ఎవరికీ కనపడలేదు.

అమ్మ వచ్చి నీ పొట్ట మీద చెయ్యి వేసి నిమిరింది. చాలాసేపు నిమిరింది. "ఏం తగ్గింది నా తల్లి, బంగారంలా ఉంటేను! చిక్కిపోయిందని ఎవరో అంటే దారంతా హడలిపోయాను" అంది. నీలాగే నేనూ నోరు విప్పలేదు.

ఈ ఉదయం పీట ఎక్కాను. మాస్టారు నా మొహం చూడకుండా పని మొదలుపెట్టారు. నడుం దగ్గరికి వచ్చేసరికి సూది కసుక్కున దిగింది. "అబ్బా! కళ్ళు కనపడట్లేదా?" అని అరిచేశాను. ఆయన సూదుల డబ్బా జారవిడిచి, ఆ సూదుల మధ్యనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది. కానీ నేను నిలబడే ఉన్నాను. కదిలితే కొలత తప్పుతుంది.

నీ
పెద్ద గుమ్మడి