చేతులు కలిపిన గుడ్డసంచి

వెర్రిబీ, 12-9-99

అక్కా, మేం కులాసా. కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం గడిచేదాకా ఈయన కాపురం ఆఫీసులోనే.

సింధుజ క్లాసులో అమెరికా చరిత్ర మీద గ్రూప్ ప్రాజెక్ట్ ఇచ్చారు. ఏం చెయ్యాలో ప్లాన్ చేసుకుందామని నలుగురు పిల్లలు మా ఇంట్లో చేరారు. అట్టలతో చంద్రుడి మీదకెళ్ళే రాకెట్ చేద్దామని వాళ్ళు వాదించుకుంటుంటే, టీ ఇస్తూ పుస్తకంలోకి తొంగిచూశాను. ఫొటోలో మన బడి గోధుమరవ్వ సంచి! అదే, రెండు చేతులు కలుపుకున్న బొమ్మది. అమ్మ మనకి లోపలి లంగాలు కుట్టిన గుడ్డ! గట్టిగా అరిచేశాను.

ఫొటో కింద రాసింది ఓ పిల్ల చదివింది. అమెరికావాళ్ళకి గోధుమలు మరీ ఎక్కువ పండి, ఎక్కడ దాచాలో తెలీక మనలాంటి దేశాలకి పంపారట. దేవుడే పంపాడని మనం బళ్ళో ఆ రవ్వ ఉప్మా బాదం ఆకులో పెట్టించుకుని, దణ్ణం పెట్టుకుని తిన్నాం కదే! రాకెట్ మానేశారు. "మమ్, నువ్వే మా ప్రాజెక్ట్" అంటోంది సింధుజ. క్లాసులో అందరికీ ఆ ఉప్మా నేనే వండి పెట్టాలట.

అమ్మ పెట్టెలో ఆ లంగా ముక్కేదైనా ఉంటే పంపు. ఉప్మాలో ఆవాలు వేసేవారా? నీ మోకాలు ఎలా ఉంది? బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ చెల్లెలు,
శ్యామసుందరి

తా.క.: "అప్పుడు నీకు నిజంగా అంత ఆకలేసేదా?" అని ఇంగ్లీషులో అడిగింది ఆ చదివిన పిల్ల. ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. నువ్వు పెద్దదానివి, నీకు గుర్తుంటుంది. మనకి అంత ఆకలి వేసేదా అక్కా?