జాకీ మీద అత్తయ్య చెయ్యి

ఏవండీ,

ఇప్పుడే మామయ్య తిరుమలగిరి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. అత్తయ్య వేలు విరగలేదు, ఉత్త వాపేనట! వాళ్ళను తీసుకురావడానికి వెళుతున్నాను. పప్పు వెచ్చబెట్టుకుని తినండి. ఐస్ ట్రే నింపి ఫ్రిజ్‌లో పెట్టండి.

పొద్దుటి నుంచి నాకు ముద్ద దిగలేదు. నిన్న రాత్రి పేకాటకు ముందు మీరంతా ఉంగరాలు తీసి గిన్నెలో వేస్తే, పెళ్ళి ఉంగరం తీయనని మొండికేసింది నేనే. జాకీ ముక్క పడగానే కుప్ప మీద ముందు చెయ్యి కొట్టినవాళ్ళదే ముక్కలన్నీ కదా; ముందు అత్తయ్య చెయ్యి, దాని మీద దబ్బున నా ఉంగరం చెయ్యి. ఆవిడ అబ్బా అంటే మీరు నవ్వారు. అది మరిచిపోను.

ఇక నన్ను ఆటకు రానివ్వరనుకున్నాను. కానీ అత్తయ్య మామయ్య దగ్గర ఫోన్ లాక్కుని, "ఏందే పిల్లా, ఏడుస్తున్నవా? ఇన్ని దినాలు కావాలని ఓడిపోతున్నవని నాకు తెల్వదా? నిన్ననే కదా అసలు ఆట షురూ చేసినవ్!" అన్నారు.

కృప

తా.క. రేపు చర్చి నుంచి రాగానే మళ్ళీ ఆట. అత్తయ్య ఎడమ చేత్తో ఆడతారట. ఈసారి నా ఉంగరం తీస్తాను, కానీ గిన్నెలో వెయ్యను, మీ చొక్కా జేబులో వేస్తాను.