ఫొటో తీసినావిడ శాఖ

చరిత్ర సంఘం కార్యదర్శి నాయనకు,

మీరు అచ్చు వేసిన ‘మన విశ్వవిద్యాలయ శాఖల చరిత్ర’ చదివాను. అట్ట బాగుంది. వృక్షశాస్త్ర శాఖను అందులో వేసిన ఫొటోలోని అయిదుగురు మగవాళ్లు స్థాపించారట! పాత సామాన్ల గది ఊడ్చి, అందులో ఆ శాఖకు మొదటి పాఠం చెప్పింది నేను. వాళ్లు ఫొటో రోజున కాఫీకి వచ్చారు. దిద్దండి.

ఇట్లు,
రిటైరైన పంతులమ్మ

తా.క.: ఫొటోలో నేనెందుకు లేనంటే, తీసింది నేనే గనక.

---

గౌరవనీయులైన అమ్మగారికి,

మా నియమం ప్రకారం ఫొటోలో ఉన్నవారే వ్యవస్థాపకులు. అయినా మీ తా.క. సంఘాన్ని కదిలించింది. మలి ముద్రణలో మిమ్మల్ని ఫొటోగ్రఫీ శాఖ తొలి అధిపతిగా చేర్చాం.

విధేయుడు,
కార్యదర్శి

తా.క.: కెమెరా స్టాకు రిజిస్టరులో లేదు. తిరిగి ఇచ్చారా?

---

నాయనా,

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టావు. అక్కడ ఫొటోగ్రఫీ శాఖే లేదు! కెమెరా మా చెల్లెలిది. నా మనవరాలు ఈ ఏడు వృక్షశాస్త్రంలో చేరింది. “అమ్మమ్మా, నువ్వు పెట్టిన శాఖైతే గోడ మీద నీ పేరేదీ?” అంటోంది. దాని కళ్లలో నేను కోతల రాయుణ్ణి అయిపోయాను. నాకు పదవి వద్దు, పిల్లకు జవాబు కావాలి.

ఓపిక అయిపోతున్న
పంతులమ్మ

తా.క.: ఫొటోలో ఎడమ చివరాయన కొళాయి బాగుచేయడానికి వచ్చాడు. మీరేమో ‘దార్శనికుడు’ అని రాశారు.

---

అమ్మగారికి,

అచ్చయ్యాక శాఖ లేదనడం కుదరదు. మీ శాఖలో ముప్పై ఎనిమిదేళ్లుగా ఒక్క విద్యార్థీ చేరలేదు. వారంలో సంజాయిషీ ఇవ్వండి. లేదా అధిపతి హోదాలో శాఖల విలీనానికి ఉత్తర్వు పంపండి.

విధేయుడు,
కార్యదర్శి

తా.క.: కొళాయి దార్శనికుడి విగ్రహం సగం అయింది. ఆపలేం.

---

కార్యదర్శికి ఉత్తర్వు:

వృక్షశాస్త్ర శాఖను, అది పుట్టిన రోజు నుంచీ వర్తించేలా, నా శాఖలో కలిపేస్తున్నాను.

శాఖాధిపతి

తా.క.: ఇంతకన్నా తలతిక్క పని ఉంటే చెప్పు, అదీ చేస్తాను.

---

అమ్మగారికి,

ఉత్తర్వులో సంతకం, తేదీ సక్రమంగా ఉన్నాయి. అమలు చేశాం. కనుక వృక్షశాస్త్రానికీ తొలి అధిపతి మీరే. నిన్న గోడ మీద మీ పేరు రాయించి, దాని పక్కన సంఘమంతా నిలబడి ఫొటో దిగాం. జతచేశాను.

విధేయుడు,
కార్యదర్శి

తా.క.: ఫొటో తీసింది మీ మనవరాలు. కనుక మీ తరువాతి శాఖాధిపతి ఆమే. ఇంకా మొదటి ఏడాది పరీక్షలే రాయలేదంటోంది. సంజాయిషీ అడిగాం.